ఆదా అంతా బిగింపులోనే

సెంటినరీ కాలనీకి ఆ పేరు సింగరేణి బొగ్గు కంపెనీ నూరేళ్ల పండుగతో వచ్చింది. ఇల్లెందు దగ్గర 1889లో మొదలైన బొగ్గు తవ్వకానికి 1989లో నూరేళ్లు నిండాయి. కాలనీలో ఎటు తిరిగినా బొగ్గు మాటే. రామగుండం-3 ఏరియా జీఎం ఆఫీసు ఇక్కడే ఉంది. ఓపెన్‌కాస్టులు, అడ్రియాల లాంగ్‌వాల్ గని ఈ చుట్టుపక్కలే. పన్నూరు వైపు మంథని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ, ఇంకాస్త దూరంలో రామగిరి ఖిల్లా గుట్టలు. షిఫ్టుల లెక్కన పొద్దు గడిచే ఈ ఏరియాలోనే సింగరేణి 50 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెట్టింది. పేపర్లలో దాని గురించి వచ్చిన వార్తల్లో సామర్థ్యం ఉంది, ఖర్చు ఉంది, ప్రారంభోత్సవం ఫొటో ఉంది. పలకల వెనక్కి వెళ్లి చూస్తే కనిపించే పనితనం మాత్రం ఆ వార్తల్లో లేదు. కరెంటు బిల్లు తగ్గేది ఆ పనితనం వల్లేనని నా నమ్మకం. అందుకే దాని గురించే రాస్తున్నాను.

బొగ్గు తీసే కంపెనీకి ఎండతో ఏం పని అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గని నడవాలంటే ముందు కరెంటు కావాలి. బావిలోకి గాలి తోలే పెద్ద ఫ్యాన్లు రాత్రీ పగలూ ఆగకూడదు. ఊరే నీటిని తోడే పంపులు ఆగితే గని మునుగుతుంది. బెల్టులు, హాలేజీలు, షావెళ్లు, క్రషర్లు, కాలనీ క్వార్టర్లు, ఆస్పత్రి, వీధి దీపాలు అన్నీ ఆ మీటరు మీదే. తవ్విన బొగ్గు థర్మల్ కేంద్రానికి పోయి, అక్కడ కరెంటై, గ్రిడ్డులో తిరిగి, డిస్కం బిల్లుగా మళ్లీ గనికే వస్తుంది. ఆ బిల్లును కోయడానికి కంపెనీ తన ఖాళీ భూముల్లో 300 మెగావాట్ల సోలార్ పెట్టాలని తలపెట్టింది. మొదటి విడత 129 మెగావాట్లు: జైపూర్ థర్మల్ కేంద్రం దగ్గర 10, మణుగూరులో 30, ఇల్లెందులో 39, మన రామగుండం-3 ఏరియాలో 50. కట్టింది బీహెచ్‌ఈఎల్. పగలు పుట్టిన కరెంటు గ్రిడ్డుకు పోతుంది, కంపెనీ వాడకంలో అంత మేర లెక్కకు వస్తుంది.

ఇక్కడో చిన్న లెక్క వేసుకుందాం. తెలంగాణ ఎండకు ఒక మెగావాటు ప్లాంటు ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు ఇస్తుంది. 50 మెగావాట్లకు ఏడున్నర కోట్ల యూనిట్లు. అందులో నూటికి ఒక్క పాలు పోయిందంటే ఏడున్నర లక్షల యూనిట్లు పోయినట్టు. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లు మూడు వందలకు పైగా ఏడాదంతా వాడుకునే కరెంటు అది. ఆ ఒక్క శాతం ఎక్కడ పోతుంది? ఒక బోల్టు వదులుగా ఉన్నచోట, ఒక పలక మీద రెట్ట ఎండినచోట, ఒక వరుస నీడ వెనక వరుస మీద పడినచోట, ఒక జాయింటు సరిగ్గా నొక్కుకోనిచోట. ఎండ ఉచితమే. దాన్ని పట్టుకోవడంలో పనివాడు చూపించే శ్రద్ధకే వెల.

ముందు వరుసల సంగతి. ఏ ప్లాంటులోనైనా ఒక వరుస చివర నిలబడి, కన్ను పలక అంచుకు ఆనించి, ఆ చివరిదాకా చూడండి. భూమి ఎక్కడో లేస్తుంది, ఎక్కడో దిగుతుంది. మంచి పని జరిగినచోట పలకల అంచు మాత్రం గీత గీసినట్టు పోతుంది. నేలనంతా చదును చేసి సాధించిన తిన్నదనం కాదది. నేల పల్లంగా ఉన్నచోట స్తంభాన్ని పొడవుగా వదిలి, మెరకగా ఉన్నచోట లోపలికి దించి, పైన అడ్డదూలాల బోల్టు రంధ్రాల్లో మిగిల్చిన కొద్దిపాటి జాగాలో అటూ ఇటూ జరిపి సాధించింది. అలా నిలబెట్టకపోతే దూలం మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన దూలం మీద బిగించిన పలక అద్దంపై నిత్యం ఒత్తిడి ఉంటుంది. అద్దం పగలకపోయినా లోపలి సిలికాన్ బిళ్లలు కంటికి కనపడని బీటలు తీస్తాయి. కొన్నేళ్లకు ఆ బీటలే యూనిట్లను మింగుతాయి. స్తంభాన్ని సరిగ్గా దించిన మేస్త్రీకి ఆ యూనిట్ల లెక్క ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఆ లెక్కలో అతని చెయ్యి ఉంది.

వాలు కూడా అంతే. ఈ ప్రాంతం ఉత్తర అక్షాంశం సుమారు 18.7 డిగ్రీల మీద ఉంది. అందుకని పలకలు దక్షిణానికి తిరిగి, దాదాపు ఆ కోణానికి దగ్గరగా వాలి ఉండాలి. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఇక్కడ 48 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. పొద్దున తొమ్మిదింటికి ఇంకా కిందే ఉంటాడు. ముందు వరుస నీడ వెనక వరుస పాదాలను తాకకుండా ఉండాలంటే రెండింటి మధ్య ఎంత ఎడం వదలాలో ఆ చలికాలపు పొద్దును బట్టి తేలుస్తారు. ఎడం తక్కువైతే నీడ. ఎక్కువైతే భూమి దండగ, కేబుల్ దండగ. ఈ తూకం బాగా కుదిరిన ప్లాంటులో చలికాలం పొద్దున నీడ వెనక వరుస అడుగుకు కాస్త ఇవతలే ఆగుతుంది.

ఆ నీడకు ఎందుకంత భయం? పలకలు ఒకదాని వెంట ఒకటి గొలుసుగా కలుపుతారు. ఒకే కరెంటు అన్నిట్లోంచీ పోవాలి. ఒక్క పలక మీద నీడ పడితే గొలుసంతా దాని దగ్గర ఇరుక్కుంటుంది. నీడ పడిన బిళ్ల కరెంటు ఇవ్వడం మాని, మిగతావి ఇచ్చేదాన్ని వేడిగా తాగుతుంది. అందుకే పలక వెనక డబ్బాలో బైపాస్ డయోడ్లు పెడతారు. నీడపట్టును తప్పించి కరెంటుకు పక్కదారి చూపడం వాటి పని. డయోడ్ కాపాడుతుంది గానీ, ఆ మేర ఉత్పత్తి ఎలాగూ పోతుంది. వానాకాలంలో వరుసల మధ్య నడుమెత్తు లేచే గడ్డిని కోసే మనిషి పని కూడా ఇంజనీరింగే అనడానికి ఇదే కారణం. పలక కింది అంచు దాకా పెరిగిన ఒక్క గడ్డి దుబ్బు నీడ చాలు, ఒక గొలుసు మొత్తం దిగాలు పడటానికి.

ఇక ఎండ. రామగుండం ఎండ రాష్ట్రమంతటికీ తెలుసు. మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. అంత ఎండ కాస్తే కరెంటు బోలెడు వస్తుందని చాలామంది అనుకుంటారు. సిలికాన్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీల దగ్గర దాని సామర్థ్యం కొలిచి పలక మీద వాట్లు రాస్తారు. అక్కణ్నించి ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా నూటికి సుమారు 0.4 పాళ్లు తగ్గుతుంది. మే మధ్యాహ్నం పలక లోపలి వేడి 65, 70 డిగ్రీలకు పోతుంది. అంటే రాసి ఉన్న వాట్లలో ఆరో వంతు గాలికి పోయినట్టే. చేతిపనిలో దీనికి ఉన్న మందు పలక వెనక గాలి ఆడనివ్వడం. నేలకు తగినంత ఎత్తు, పలకకూ పలకకూ మధ్య వేలెడు సందు, వెనక తీగల చిక్కు లేకపోవడం, ఇవన్నీ కలిసి కొన్ని డిగ్రీలు దించుతాయి. ఇళ్ల మీద డాబాకు అతికించినట్టు పలకలు పరిచేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. చూడటానికి పొందికగా ఉంటుంది. వేసవిలో మాత్రం ఆ ఇంటివాళ్లు ప్రతిరోజూ నష్టపోతారు.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది జాయింటు. పలక నుంచి పలకకు పోయే తీగ చివర బొటనవేలంత నల్ల కనెక్టరు ఉంటుంది. అందులోపల లోహపు గొట్టం. రాగి పోగులను శుభ్రంగా ఒలిచి, ఒక్క పోగు కూడా బయట మిగలకుండా ఆ గొట్టంలో దూర్చి, సరిపోయే పట్టుకారుతో ఒక్కసారే నొక్కాలి. నొక్కుడు తక్కువైతే పోగులు కదులుతాయి. ఎక్కువైతే తెగుతాయి. తర్వాత కనెక్టరులోకి తోస్తే చిన్న టిక్కుమనే చప్పుడు వస్తుంది. తెలిసినవాడు ఆ చప్పుడు విన్నాక కూడా ఒకసారి వెనక్కి లాగి చూస్తాడు. తరువాత వెనక మూత బిగిస్తాడు, నీళ్లు దూరకుండా.

ఇంత శ్రద్ధ ఎందుకో లెక్కలో చూద్దాం. గొలుసులో 9 ఆంపియర్లు పోతున్నాయనుకోండి. నొక్కుడు సరిలేని జాయింటులో పదో వంతు ఓమ్ అడ్డంకి అదనంగా ఉంటే, అక్కడ 8 వాట్ల వేడి పుడుతుంది. బొటనవేలంత ప్లాస్టిక్‌లో 8 వాట్లు, రోజంతా, అదీ ఎండలో. అది మెత్తబడుతుంది, లోపలి బిగువు ఇంకా సడలుతుంది, అడ్డంకి ఇంకా పెరుగుతుంది, చివరికి నిప్పు. ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి మెరుపు పుట్టినా ఆరిపోయే అవకాశం ఉంది. పలకల నుంచి వచ్చేది డీసీ. వెయ్యి వోల్టుల దరిదాపుల్లో ఉండే డీసీ మెరుపు ఒకసారి అంటుకుంటే దానంతటది ఆరదు. 330 వాట్ల పలకల లెక్కన 50 మెగావాట్ల ప్లాంటుకు లక్షన్నర పలకలు కావాలి. జాయింట్లూ అంతే. లక్షన్నర సార్లు ఒకే పని, ఒకే శ్రద్ధతో. ఇంత ఓపికను నేను చేనేత మగ్గం దగ్గర తప్ప మరోచోట చూడలేదు.

బొగ్గు బావుల్లో పనిచేసిన ఎలక్ట్రీషియన్లకు ఈ శ్రద్ధ ఒకరు నేర్పాల్సిన పని లేదు. భూగర్భ గనిలో మీథేన్ ఉంటుంది. అక్కడ స్విచ్చులు, మోటార్లు ఫ్లేమ్‌ప్రూఫ్ డబ్బాల్లో ఉంటాయి. లోపల మెరుపు పుట్టి వాయువు పేలినా, మంట బయటికి వచ్చేలోపే డబ్బా మూత అంచుల సన్నని సందులో చల్లబడిపోవాలి. ఆ సందు ఎంత ఉండాలో కొలతలు ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ ఫీలర్ గేజి పెట్టి చూస్తాడు. మూత బోల్టుల్లో ఒక్కటి లేకపోయినా, కేబుల్ గ్లాండు వదులైనా ఆ డబ్బాను నడవనివ్వడు. ఒక బోల్టు మీద ఎన్ని ప్రాణాలు ఆధారపడతాయో తెలిసిన చెయ్యి అది. ఆ చెయ్యి సోలార్ యార్డులోకి వస్తే గొలుసుల తీగలన్నీ కలిసే కంబైనర్ డబ్బా గ్లాండును అదే కన్నుతో చూస్తుంది. బొగ్గు ఊళ్లలో సోలార్ అనగానే ఉద్యోగాల గురించి వచ్చే దిగులు న్యాయమైనది. గని పెట్టుకున్నంతమందిని సోలార్ ప్లాంటు పెట్టుకోదు. ఈ ప్లాంట్ల నిర్వహణను గని నేర్పిన చేతులకు అప్పగిస్తే ఆ దిగులు కొంతైనా తగ్గుతుంది, ప్లాంటు కూడా బాగుపడుతుంది. ఈ బొగ్గు బెల్టులో ఉన్న నైపుణ్యాన్ని పక్కనపెట్టి, ఎక్కడినుంచో తెచ్చుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

బాగా బిగించిన బోల్టు మీద ఒక రంగు గీత ఉంటుంది. టార్క్ రెంచితో కొలత ప్రకారం బిగించాక బోల్టు తల నుంచి కింద ఇనుము మీదికి మార్కరుతో గీస్తారు. ఏడాది తర్వాత ఎవరొచ్చి చూసినా, గీత విరిగి ఉంటే బోల్టు తిరిగిందని తెలుస్తుంది. అర నిమిషం పని. చేసినవాడు వెళ్లిపోయినా వెనక వచ్చేవాడి కోసం అతను వదిలిన మాట అది. ప్లాంటు చూడబోయినవాళ్లు పలకల మెరుపుతో పాటు ఈ గీతల కోసం కూడా వెతకాలని నా కోరిక. గీతలున్న ప్లాంటు పాతికేళ్లు నిలుస్తుంది.

దుమ్ము గురించి చెప్పకుండా బొగ్గు బెల్టు సోలార్ గురించి చెప్పలేం. ఓపెన్‌కాస్టు బ్లాస్టింగు, డంపర్లు తిరిగే రోడ్లు, బొగ్గు మీంచి తీసి పోసిన ఓబీ మట్టి గుట్టలు, బొగ్గును పొడిచేసి లోడు చేసే సీహెచ్‌పీలు, అన్నిటి దుమ్మూ గాలి ఎటు తిరిగితే అటు. బొగ్గు పొడి నలుపు. పల్చటి పొరైనా వెలుతురును ఆపుతుంది. మంచుతో తడిసి ఎండితే అట్టలా పడుతుంది. కడగాలి. కడగడంలో కూడా పద్ధతి ఉంది. మధ్యాహ్నం కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే పగలొచ్చు. కాబట్టి తెల్లవారకముందో, పొద్దు వాలాకో పని. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు వాడితే ఎండాక తెల్ల మచ్చలు మిగులుతాయి. ఆ మచ్చలు దుమ్ముకన్నా మొండివి. గరుకు బ్రష్షు అద్దం మీది పూతను గీరుతుంది. సబ్బు పొడి జిగురు వదిలి ఇంకా దుమ్మును పిలుస్తుంది. మెత్తటి బ్రష్షు, మంచి నీళ్లు, పై నుంచి కిందికి ఒకే తీరు చెయ్యి, కింది ఫ్రేము మూలలో నిలిచే బురదను విడిగా తుడవడం. అంతే. ఆ పని చేసేవాళ్లు ఎక్కువగా కాంట్రాక్టు కూలీలు. ప్రారంభోత్సవం రాతి పలక మీద వాళ్ల పేర్లు ఉండవు. ప్లాంటు ఏడాది ఉత్పత్తిలో వాళ్ల వాటా మాత్రం, ఏ ఇన్వర్టర్ ఇంజనీరుతో పోల్చినా తక్కువది కాదు. వాళ్ల కూలి పెంచమని అడగడానికి ఇంతకంటే గట్టి లెక్క మరొకటి అక్కర్లేదు.

ఈ బెల్టులో పనితనానికి పరాకాష్ఠ చూడాలంటే రామగుండం వెళ్లాలి. ఎన్‌టీపీసీ అక్కడి తన జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు కట్టింది. ఇదీ బీహెచ్‌ఈఎల్ పనే. 423 కోట్ల రూపాయల ఖర్చు, 500 ఎకరాల నీటి విస్తీర్ణం. 2022 జులై 1 నుంచి పూర్తి సామర్థ్యంతో నడుస్తోంది. అప్పటికి దేశంలో తేలే ప్లాంట్లలో అదే పెద్దది. గట్టు మీద నిలబడితే నీటి మీద నీలం మడులు కనిపిస్తాయి. మొత్తం 40 మడులు. ఒక్కోటీ రెండున్నర మెగావాట్లు, ఒక్కోదాంట్లో 11,200 పలకలు. అన్నీ కలిపితే 4,48,000.

నేల మీద కట్టడానికీ నీటి మీద కట్టడానికీ మధ్య ఎంత తేడా! నేల మీద స్తంభం దించితే కదలదు. నీటి మీద ఏదీ ఒకచోట ఉండదు. గాలి తోస్తుంది, అల ఊపుతుంది, జలాశయంలో మట్టం పెరుగుతుంది, తగ్గుతుంది. పలకలు మాత్రం దక్షిణం వైపే చూస్తూ ఉండాలి. దీనికి వాళ్లు ఎంచుకున్న దారి ఇది. పలకల కింద గట్టి పాలిథీన్ తేలుడు డబ్బాలు. వాటిని ఒకదానితో ఒకటి అతికి దీవిగా చేశారు. ఆ దీవిని నిలిపేందుకు నీటి అడుగున కాంక్రీటు దిమ్మెలు దించి, వాటి నుంచి ప్రత్యేకమైన పాలిథీన్ తాళ్లు పైకి కట్టారు. అడుగున గుంజలు పాతలేదు, తవ్వలేదు. దిమ్మె తన బరువుతోనే కూర్చుంటుంది. తాడు ఎంత వదలాలన్నదే ఇక్కడ అసలు విద్య. బిగుతుగా కడితే మట్టం పెరిగినప్పుడు దీవి ఒక పక్క మునుగుతుంది. మరీ వదిలితే గాలికి తిరిగిపోయి పక్క దీవిని కొడుతుంది. రెండింటికీ మధ్య ఉన్న ఆ కొలతను నలభై దీవులకూ, ఒక్కో దీవికి అన్ని మూలలకూ తేల్చుకుని కట్టడం మామూలు పని కాదు.

ఇంకా గొప్ప సంగతి ఇన్వర్టర్లది. పలకలు నీటి మీద ఉన్నా, బరువైన యంత్రాలు గట్టున ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ ఇన్వర్టరు, ట్రాన్స్‌ఫార్మరు, హెచ్‌టీ బ్రేకరు కూడా నీటి మీదే, ఫెర్రో సిమెంటు తెప్పల మీద తేలుతున్నాయి. సన్నని ఇనుప వల మీద సిమెంటు గచ్చు చేసి కట్టే తెప్ప అది. టన్నుల కొద్దీ బరువు మోస్తూ నీటిలో పక్కకు ఒరగకుండా నిలవాలి. ఎందుకింత కష్టం? డీసీ కరెంటును దూరం మోస్తే తీగల్లో నష్టం, రాగి ఖర్చు. పలకల పక్కనే ఏసీగా మార్చి, అక్కడే వోల్టేజి పెంచేస్తే 33 కేవీ కేబుళ్ల మీద తక్కువ నష్టంతో పాత స్విచ్‌యార్డుకు చేరుతుంది. థర్మల్ కేంద్రానికి ఎలాగూ ఉన్న యార్డునే వాడుకున్నారు, కొత్తది కట్టలేదు. భూమి కొనే ఖర్చు లేదు. ప్రతి నిర్ణయం వెనకా ఒక మిగులు కనిపిస్తుంది.

కింద నీళ్లు ఉండటంతో పలకలు నేల మీది వాటికంటే చల్లగా ఉంటాయి. ఇందాక చెప్పిన ఆరో వంతు నష్టంలో కొంత ఇలా వెనక్కి వస్తుంది. పలకల నీడకు నీళ్లు ఆవిరి కావడం కూడా తగ్గుతుంది. ఏడాదికి సుమారు 32.5 లక్షల ఘనపు మీటర్లు, అంటే 325 కోట్ల లీటర్లు మిగులుతాయని ఎన్‌టీపీసీ అంచనా. బొగ్గు ఆదా ఏడాదికి 1,65,000 టన్నులు. తర్వాత సింగరేణి కూడా జైపూర్ థర్మల్ కేంద్రం జలాశయం మీద తేలే పలకలు వేసింది. నా మట్టుకు, గోదావరి ఒడ్డున ఈ ముప్పై ఏళ్లలో జరిగిన ఇంజనీరింగు పనుల్లో రామగుండం నీటి మీది పనిని మొదటి వరుసలో పెడతాను.

కరెంటు పుట్టించడం ఎంతో, ఉన్నదాన్ని తక్కువ వాడటం అంత. మెచ్చుకునేవాళ్లు మాత్రం తక్కువ. గనిలో పంపు సంగతే తీసుకోండి. నీళ్లు తక్కువ తోడాల్సినప్పుడు వాల్వు మూసి నెట్టుకొస్తే మోటారు కరెంటు పెద్దగా తగ్గదు. వేగం మార్చే డ్రైవు పెట్టి మోటారు వేగాన్నే ఐదింట నాలుగు వంతులకు దించితే, పీల్చే కరెంటు దాదాపు సగానికి పడుతుంది. ఎక్కువ ఎత్తుకు తోయాల్సిన చోట ఈ లాభం కొంత తగ్గుతుంది. బావికి గాలి తోలే ఫ్యానుకైతే ఈ సూత్రం చక్కగా వర్తిస్తుంది. కెపాసిటర్లు సరిగ్గా పెట్టి పవర్ ఫ్యాక్టరును ఒకటికి దగ్గరగా నిలిపితే బిల్లు ఇంకా దిగుతుంది. హెచ్‌టీ వినియోగదారులకు లెక్క కేవీఏహెచ్‌లో కాబట్టి పని చేయని కరెంటుకూ డబ్బు కట్టాల్సిందే. ఇవేవీ ఫొటోకు అందవు. ఒక్క మెగావాటు పలకలు పెట్టే ముందు ఇవి చేసుకున్న మేనేజరు తెలివైనవాడని నా ఉద్దేశం.

కాలనీ క్వార్టర్లు దాటి గోదావరిఖని, మంథని, కమాన్‌పూర్ ఇళ్లకు వస్తే ఇదే మాట సీలింగు ఫ్యాను గురించి చెప్పాలి. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. పాత మోటారులో తిరిగే భాగంలోనూ కరెంటు పుట్టి వేడిగా పోతుంది. ఇందులో తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి, ఆ నష్టం ఉండదు. రోజుకు 15 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగే ఫ్యాను మీద 200 యూనిట్లు మిగులుతాయి. యూనిట్‌కు ముప్పావు కిలో దాకా బొగ్గు కాలుతుందనుకుంటే, ఒక్క ఫ్యానుకే సుమారు 150 కిలోల బొగ్గు. బొగ్గు తీసేవాళ్ల ఊళ్లో ఆ బరువు ఎంతో ఎవరికీ చెప్పక్కర్లేదు.

నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లకు ఈ ఫ్యాను మరింత ముఖ్యం. నెలలో 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. వేసవిలో గీత దాటేది సాధారణంగా పది, ఇరవై యూనిట్లతోనే. రెండు ఫ్యాన్లు మార్చుకుంటే ఆ గీత ఇవతలే ఉండొచ్చు. ఎప్పుడూ 200 దాటే ఇళ్లకు డాబా మీద సోలార్ లాభసాటి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. 3 కిలోవాట్లు రోజుకు సగటున 12 యూనిట్లు ఇస్తాయి. ముందు ఫ్యాన్లు, లైట్లు మార్చుకుని, తరువాత మిగిలిన వాడకానికి సరిపడా పలకలు పెట్టించడం సరైన వరుస. తిరగేసి చేస్తే అక్కర్లేని కిలోవాటుకు డబ్బు పెట్టినట్టు.

డాబా మీద పలకలు పెట్టించబోయే వాళ్లకు ఒక్క మాట. కొటేషన్‌లో రేటు చూడండి, తప్పదు. దానితోపాటు బిగించేవాణ్ని నాలుగు విషయాలు అడగండి. నీడ ఏ నెలలో, ఏ గంటకు, ఎక్కడ పడుతుందో చూశారా అని. కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవేనా అని. రెండు కంపెనీలవి ఒకదాంట్లో ఒకటి దూరినా బిగువు కుదరదు. ఎర్తింగు కొలిచి, కొలత కాగితం మీద రాసి ఇస్తారా అని. బోల్టులు బిగించాక గీత పెడతారా అని. జవాబు చెప్పడానికి ఇష్టపడి, మిమ్మల్ని డాబా మీదికి పిలిచి చూపించేవాడు దొరికితే, అతను రెండు వేలు ఎక్కువ అడిగినా అతనికే పని ఇవ్వండి.